రీస్టోర్ చేసిన డేటాబేస్‌లో కొలేషన్ గొడవ: ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి, ఎలా సరిచేయాలి

బ్యాకప్ ఫైలు శుభ్రంగా రీస్టోర్ అయింది. సాఫ్ట్‌వేర్ కనెక్ట్ అయింది, లాగిన్ అయ్యారు, నాలుగు స్క్రీన్లు తెరిచి చూశారు, డేటా అంతా ఉంది. రిపోర్టు మీద నొక్కగానే ఎర్రర్ నంబర్ 468. "కెనాట్ రిజాల్వ్ ద కొలేషన్ కాన్‌ఫ్లిక్ట్ బిట్వీన్" అని మొదలై, రెండు పొడవాటి పేర్లు చెప్పి, "ఇన్ ద ఈక్వల్ టు ఆపరేషన్" అని ముగుస్తుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు అంతదాకా కూడా రానివ్వవు. సెటప్‌లోనే ఈ డేటాబేస్ కొలేషన్ మాకు పనికిరాదని ఆపేస్తాయి.

దీని గురించి అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే ఒక పని చేసేసి ఉంటారు. ఆల్టర్ డేటాబేస్ కొలేట్ (డేటాబేస్ కొలేషన్ మార్చే కమాండ్) కొట్టి, "అయినా పోలేదు, ఇంకా ఎక్కువైంది" అంటారు. ఎక్కువవడం నిజమే, ఎందుకో 4వ మెట్టులో తెలుస్తుంది. తేడా ఏ స్థాయిలో ఉందో చూసుకునేదాకా ఏ ఆల్టర్ కమాండూ కొట్టొద్దు.

ఇక్కడ చెప్పేది మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ గురించి. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకు చివర్లో కొంత ఉంది. కమాండ్లను పలికినట్టే తెలుగు లిపిలో రాశాం. క్వెరీ విండోలో మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. చుక్కలు, కామాలు, అండర్‌స్కోర్లు ఎక్కడున్నవి అక్కడే.

ఇంతమాత్రం తెలిస్తే చాలు

కొలేషన్ అంటే అక్షరాలను ఎలా పోల్చాలి, ఏ వరసలో పెట్టాలి అన్న నియమం. ఇది నాలుగు చోట్ల ఉంటుంది: సర్వర్ ఇన్‌స్టెన్స్‌కి (మెషీన్ మీద నడిచే ఒక్కో ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇన్‌స్టాలేషన్) ఒకటి, ప్రతి డేటాబేస్‌కి ఒకటి, ప్రతి అక్షరాల కాలమ్‌కి ఒకటి, క్వెరీలో కొలేట్ అని రాస్తే అక్కడికక్కడ ఒకటి. రీస్టోర్ చేసినప్పుడు డేటాబేస్‌దీ, కాలమ్‌లదీ బ్యాకప్‌తో పాటే వచ్చేస్తాయి. సర్వర్‌ది కొత్త సర్వర్‌దే ఉంటుంది. టెంప్‌డీబీ (తాత్కాలిక టేబుళ్లు ఉండే సర్వర్ సొంత డేటాబేస్), సర్వర్ రీస్టార్ట్ అయిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది, సర్వర్ కొలేషన్‌తోనే పుడుతుంది. గొడవలో ఎక్కువ భాగం ఇక్కడే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కొలేషన్ పేజీని ఎవరూ తెరవరు, నెక్స్ట్ కొట్టుకుంటూ పోతారు. అమెరికా ఇంగ్లీషు లొకేల్ ఉన్న విండోస్ మీద ఎస్‌క్యూఎల్_లాటిన్1_జనరల్_సీపీ1_సీఐ_ఏఎస్ వస్తుంది. బ్రిటన్ ఇంగ్లీషు లొకేల్ అయితే లాటిన్1_జనరల్_సీఐ_ఏఎస్ వస్తుంది. రెండూ చిన్నా పెద్దా అక్షరాల తేడా పట్టించుకోవు, రెండూ యాక్సెంట్ గుర్తులు పట్టించుకుంటాయి. చూడ్డానికి కవలల్లా ఉన్నా, పేరు ఒకటి కాదు కాబట్టి సర్వర్ వాటిని కలిపి పోల్చదు. ఇకపై మొదటిదాన్ని పాత కొలేషన్ అనీ, రెండోదాన్ని విండోస్ కొలేషన్ అనీ అందాం.

కాలమ్‌ని నేరుగా రాసిన విలువతోనో, @ గుర్తున్న వేరియబుల్‌తోనో పోలిస్తే ఎప్పుడూ గొడవ రాదు, కాలమ్ మాటే చెల్లుతుంది. రెండు కాలమ్‌ల కొలేషన్లు వేరైనప్పుడే ఎర్రర్. ఒక రికార్డు తెరిచే స్క్రీన్లు పనిచేసి, # టేబుళ్లు (పేరు ముందు # ఉండే, టెంప్‌డీబీలో పుట్టే తాత్కాలిక టేబుళ్లు) కట్టి జాయిన్ చేసే రిపోర్టులు పడిపోయేది ఇందుకే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- సిస్‌అడ్మిన్ హక్కులున్న లాగిన్, మేనేజ్‌మెంట్ స్టూడియో
- అసలు బ్యాకప్ ఫైలు, ముట్టకుండా వేరే డిస్కులో ఇంకో కాపీ
- డేటాబేస్ సైజుకి కనీసం రెండింతల ఖాళీ జాగా. కాలమ్‌లు మార్చాల్సి వస్తే లాగ్ ఫైలు బాగా ఉబ్బుతుంది
- సాఫ్ట్‌వేర్ తయారీదారు ఏ కొలేషన్ కావాలన్నారో రాసి ఉన్న పేజీ

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. షేర్‌పాయింట్‌కి లాటిన్1_జనరల్_సీఐ_ఏఎస్_కేఎస్_డబ్ల్యూఎస్ కావాలి. మైక్రోసాఫ్ట్ కాన్‌ఫిగరేషన్ మేనేజర్‌కి (ఆఫీసు కంప్యూటర్లను నిర్వహించే సాఫ్ట్‌వేర్) పాత కొలేషనే కావాలి, డేటాబేస్‌కే కాదు, ఇన్‌స్టెన్స్‌కీ అదే ఉండాలి. కాన్‌ఫ్లుయెన్స్ అయితే చిన్నా పెద్దా తేడా పట్టించుకునే ఎస్‌క్యూఎల్_లాటిన్1_జనరల్_సీపీ1_సీఎస్_ఏఎస్ అడుగుతుంది. ఒకరికి పనికొచ్చిన మందు ఇంకొకరికి పనికిరాదు.

మెట్టు 1: ఇది కొలేషన్ ఎర్రరేనా?

18456 వస్తే అది లాగిన్ సమస్య. 4060 వస్తే డేటాబేస్ తెరవడానికి హక్కు లేదు, లేదా పేరు తప్పు. రీస్టోర్ తర్వాత యూజర్‌కీ లాగిన్‌కీ లంకె తెగిపోవడం మామూలే. ఆల్టర్ యూజర్ ఫలానా విత్ లాగిన్ = ఫలానా అంటే అతుక్కుంటుంది. దానికీ కొలేషన్‌కీ సంబంధం లేదు.

468, 451, 457 వస్తే కొలేషనే. ఎర్రర్‌లోని రెండు పేర్లనూ అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాసుకోండి. సీఐ (చిన్నా పెద్దా అక్షరాల తేడా పట్టించుకోనిది), సీఎస్ (పట్టించుకునేది) మధ్య ఒక్క అక్షరమే తేడా, కంటికి ఆనదు.

137 లేదా 208 కొత్త సర్వర్‌లోనే వస్తుంటే అదీ కొలేషన్ పనే కావచ్చు. సర్వర్ కొలేషన్ సీఎస్ అయితే ప్రొసీజర్‌లో @కస్ట్‌ఐడీ అని డిక్లేర్ చేసి, వేరే చోట ఒక అక్షరం చిన్నదిగా రాసినా "మస్ట్ డిక్లేర్ ద స్కేలార్ వేరియబుల్" అంటుంది. అది 137. 208 అంటే ఆ పేరున్న టేబుల్ దొరకలేదని. వేరియబుల్ పేర్లకు సర్వర్ కొలేషన్, టేబుల్ పేర్లకు డేటాబేస్ కొలేషన్ వర్తిస్తాయి. టర్కిష్ కొలేషన్‌లో ఇంకో తమాషా ఉంది: అక్కడ చిన్న ఐ, పెద్ద ఐ ఒకే అక్షరం కావు. సీఐ అని రాసి ఉన్నా ఐడీ అనే కాలమ్ పేరు దొరకదు.

మెట్టు 2: సర్వర్, డేటాబేస్, టెంప్‌డీబీ

సెలెక్ట్ సర్వర్‌ప్రాపర్టీ('కొలేషన్');
సెలెక్ట్ నేమ్, కొలేషన్_నేమ్ ఫ్రమ్ సిస్.డేటాబేసెస్;

రెండో దాంట్లో టెంప్‌డీబీ వరసనూ, మీ డేటాబేస్ వరసనూ పక్కపక్కన చూడండి.

ఇంకా రీస్టోర్ చేయకముందే ఇది చదువుతున్నారా? అయితే రీస్టోర్ హెడర్‌ఓన్లీ ఫ్రమ్ డిస్క్ = 'ఫైలు దారి' అని కొట్టండి. వచ్చే వరసలో కొలేషన్ అనే కాలమ్ ఉంటుంది. రెండు నిమిషాల పని, తర్వాతి రెండు రోజులు మిగులుతాయి.

మెట్టు 3: కాలమ్‌లు

యూజ్ మీ_డేటాబేస్;
సెలెక్ట్ సి.కొలేషన్_నేమ్, కౌంట్(*) ఫ్రమ్ సిస్.కాలమ్స్ సి జాయిన్ సిస్.టేబుల్స్ టి ఆన్ టి.ఆబ్జెక్ట్_ఐడీ = సి.ఆబ్జెక్ట్_ఐడీ వేర్ సి.కొలేషన్_నేమ్ ఈజ్ నాట్ నల్ గ్రూప్ బై సి.కొలేషన్_నేమ్;

ఒకే వరస వస్తే అదృష్టం. రెండు మూడు వస్తే ఏ టేబుల్‌లో ఏది ఉందో విడిగా జాబితా తీసి దాచుకోండి.

మెట్టు 4: మీది ఏ రకం?

అ) డేటాబేస్, కాలమ్‌లు ఒకటి, సర్వర్, టెంప్‌డీబీ ఇంకొకటి. ఎక్కువమందిది ఇదే. డేటాబేస్‌లో ఏ లోపమూ లేదు, వచ్చిపడిన ఇల్లు వేరు, అంతే.

ఆ) డేటాబేస్, సర్వర్ ఒకటి, కాలమ్‌లు వేరు. ఎవరో ఆల్టర్ డేటాబేస్ కొలేట్ కొట్టారని అర్థం. ఆ కమాండ్ ఇకపై పుట్టే కాలమ్‌లకు డిఫాల్ట్‌ను మారుస్తుంది, ఉన్న టేబుళ్లలోని కాలమ్‌లను ముట్టుకోదు. టేబుల్ వేరియబుళ్లు (@ గుర్తుతో కట్టే టేబుళ్లు, వీటికీ కాలమ్‌లుంటాయి) ప్రస్తుత డేటాబేస్ కొలేషన్‌ను తీసుకుంటాయి కాబట్టి, అంతవరకూ బాగా నడిచిన ప్రొసీజర్లు కూడా ఇప్పుడు 468 ఇస్తాయి. "ఇంకా ఎక్కువైంది" అనేది ఇదే. డేటాబేస్ కొలేషన్‌ను వెనక్కి కాలమ్‌లకున్న దానికే మార్చేయండి, అ) రకం అవుతుంది.

ఇ) ఒకే డేటాబేస్‌లో కాలమ్‌లే కలగాపులగం. ఏళ్ల తరబడి వేర్వేరు చోట్ల నుంచి టేబుళ్లు తెచ్చి అతికించిన డేటాబేస్. 8వ మెట్టు తప్పదు.

ఈ) అన్నీ ఒకటే, కానీ సాఫ్ట్‌వేర్‌కు కావాల్సింది ఇంకోటి. దీనికీ 8వ మెట్టే.

అ) రకమో కాదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష. మీ డేటాబేస్‌లో ఉండి ఇలా కొట్టండి, ఖాతాలు అన్నచోట మీ టేబుల్ పేరు పెట్టుకోండి:

క్రియేట్ టేబుల్ #పరీక్ష (కోడ్ వార్‌చార్(20));
సెలెక్ట్ * ఫ్రమ్ ఖాతాలు కె జాయిన్ #పరీక్ష పి ఆన్ కె.కోడ్ = పి.కోడ్;

#పరీక్షలో ఒక్క వరస కూడా లేదు. అయినా 468 వస్తుంది, ఎందుకంటే క్వెరీని కంపైల్ చేసే దశలోనే సర్వర్ కాదంటుంది. ఇప్పుడు అదే టేబుల్‌ను డ్రాప్ చేసి, సెలెక్ట్ కోడ్ ఇంటూ #పరీక్ష ఫ్రమ్ ఖాతాలు అని కట్టి మళ్లీ జాయిన్ చేయండి. ఎర్రర్ రాదు. సెలెక్ట్ ఇంటూతో పుట్టిన కాలమ్ తన మూలం కొలేషన్‌నే తెచ్చుకుంటుంది, క్రియేట్ టేబుల్‌తో పుట్టింది టెంప్‌డీబీది తీసుకుంటుంది. ఒక రిపోర్టు నడిచి పక్క రిపోర్టు ఎందుకు పడిపోతుందో ఈ నాలుగు లైన్లలో కనిపిస్తుంది.

మెట్టు 5: మొదటి మందు, సరైన ఇన్‌స్టెన్స్

అ) రకానికి అన్నిటికన్నా మంచిది ఇదే. చాలామంది దీన్ని ఓటమి అనుకుని వదిలేస్తారు. అదే మెషీన్ మీద ఇంకో నేమ్డ్ ఇన్‌స్టెన్స్ ఇన్‌స్టాల్ చేయండి. సర్వర్ కాన్‌ఫిగరేషన్ పేజీలో కొలేషన్ ట్యాబ్ తెరిచి, డేటాబేస్‌కు ఉన్న కొలేషనే ఎంచుకోండి. అక్కడికి రీస్టోర్ చేసి, సాఫ్ట్‌వేర్ కనెక్షన్‌లో సర్వర్ పేరు మార్చండి. ఒక్క కాలమ్ ముట్టలేదు, ఒక్క లైను కోడ్ మార్చలేదు. మెమరీ రెండు ఇన్‌స్టెన్స్‌ల మధ్య పంచుకోవాలి కాబట్టి రెండింటికీ మ్యాక్స్ సర్వర్ మెమరీ పెట్టడం మాత్రం మరవద్దు.

ఆ సర్వర్‌లో ఇంకే డేటాబేస్‌లూ లేకపోతే ఉన్న ఇన్‌స్టెన్స్ కొలేషన్‌నే మార్చవచ్చు. ఇన్‌స్టాలేషన్ మీడియా ఫోల్డర్ నుంచి:

సెటప్ /క్వైట్ /యాక్షన్=రీబిల్డ్‌డేటాబేస్ /ఇన్‌స్టెన్స్‌నేమ్=పేరు /ఎస్‌క్యూఎల్‌సిస్‌అడ్మిన్‌అకౌంట్స్=ఖాతా /ఎస్‌క్యూఎల్‌కొలేషన్=కావాల్సిన_కొలేషన్

మిక్స్‌డ్ మోడ్ అయితే /ఎస్‌ఏపీడబ్ల్యూడీ కూడా ఇవ్వాలి. హెచ్చరిక: ఇది మాస్టర్, మోడల్, ఎంఎస్‌డీబీలను కొత్తగా కడుతుంది. లాగిన్లు, ఏజెంట్ జాబ్‌లు, లింక్డ్ సర్వర్లు, సర్వర్ సెట్టింగులు అన్నీ పోతాయి. ముందే వాటి స్క్రిప్టులు తీసుకోండి. మీ డేటాబేస్ ఫైళ్లు డిస్కులో అలాగే ఉంటాయి, తర్వాత అటాచ్ చేసుకోవాలి. రీబిల్డ్ వాటి కొలేషన్‌ను మార్చదు. సర్వర్‌ను మైనస్ క్యూ స్విచ్‌తో లేపి అన్ని డేటాబేస్‌లనూ ఒక్క దెబ్బతో మార్చే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. అది మైక్రోసాఫ్ట్ సపోర్ట్ చేసే దారి కాదు, అసలు డేటా మీద దాని జోలికి పోవద్దు.

మెట్టు 6: రెండో మందు, కోడ్ మీ చేతిలో ఉంటే

ప్రొసీజర్లు మీవే అయితే, # టేబుల్ కట్టేచోట ప్రతి అక్షరాల కాలమ్ పక్కనా రెండు మాటలు చేర్చండి:

క్రియేట్ టేబుల్ #పరీక్ష (కోడ్ వార్‌చార్(20) కొలేట్ డేటాబేస్_డిఫాల్ట్ నాట్ నల్);

డేటాబేస్_డిఫాల్ట్ అంటే ఈ క్వెరీ నడుస్తున్న డేటాబేస్ కొలేషన్. రేపు ఏ సర్వర్‌కు తీసుకెళ్లినా పనిచేస్తుంది. కొలేషన్ పేరు నేరుగా రాస్తే ఇంకో సర్వర్‌లో మళ్లీ ఇదే కథ.

తొందరలో చాలామంది జాయిన్‌లోనే సరిచేస్తారు: ఆన్ కె.కోడ్ కొలేట్ ఫలానా = పి.కోడ్. ఎర్రర్ పోతుంది, రిపోర్టు ముప్పై సెకన్లకు బదులు అరగంట తీసుకుంటుంది. ఇండెక్స్ ఉన్న కాలమ్ మీద వేరే కొలేషన్ పెడితే ఆ ఇండెక్స్‌లో వెతకడం కుదరదు, సర్వర్ టేబుల్ అంతా చదవాలి. తప్పనిసరైతే కొలేట్‌ను # టేబుల్ వైపు పెట్టండి, పెద్ద టేబుల్ వైపు వద్దు.

మెట్టు 7: మూడో మందు, పాక్షిక కంటెయిన్‌మెంట్

కోడ్ మార్చే వీలు లేదు, కొత్త ఇన్‌స్టెన్స్ పెట్టే వీలూ లేదు. 2012 వెర్షన్ నుంచి ఇంకో దారి ఉంది. కంటెయిన్డ్ డేటాబేస్‌లో పుట్టే # టేబుళ్లు టెంప్‌డీబీ కొలేషన్ కాకుండా ఆ డేటాబేస్ కొలేషన్‌నే తీసుకుంటాయి.

ఎగ్జెక్ ఎస్‌పీ_కాన్‌ఫిగర్ 'కంటెయిన్డ్ డేటాబేస్ ఆథెంటికేషన్', 1; రీకాన్‌ఫిగర్;
ఆల్టర్ డేటాబేస్ మీ_డేటాబేస్ సెట్ కంటెయిన్‌మెంట్ = పార్షియల్;

మొదటి లైను మరిస్తే రెండోది 12824 ఇస్తుంది. ఆ సమయానికి డేటాబేస్‌లో ఎవరూ ఉండకూడదు. రెప్లికేషన్, చేంజ్ డేటా క్యాప్చర్, చేంజ్ ట్రాకింగ్ వాడుతుంటే ఈ దారి మూసుకున్నట్టే. సాఫ్ట్‌వేర్ వేరే డేటాబేస్‌లోకి వెళ్లి అవే # టేబుళ్లను వాడితే అక్కడ కొత్త ఎర్రర్లు రావచ్చు. టెస్ట్ సర్వర్‌లో అన్ని రిపోర్టులూ నడిపి చూశాకే అసలుదానిలో పెట్టండి, తయారీదారు దీన్ని సపోర్ట్ చేస్తారో లేదో ఒక మాట అడగండి.

మెట్టు 8: ఆఖరి మందు, డేటాబేస్‌నూ కాలమ్‌లనూ మార్చడం

ఇ), ఈ) రకాలకు తప్పదు. అ) రకానికి మాత్రం పై మూడూ కుదరనప్పుడే. అసలుదాని మీద కాకుండా వేరే పేరుతో రీస్టోర్ చేసిన కాపీ మీద చేయండి.

1. డేటాబేస్‌ను ఒంటరిగా తీసుకోండి: ఆల్టర్ డేటాబేస్ కాపీ సెట్ సింగిల్_యూజర్ విత్ రోల్‌బ్యాక్ ఇమ్మీడియెట్. తర్వాతి కమాండ్లు అదే విండోలో కొట్టాలి. ఇంకో విండో తెరిచినా, ఎడమవైపు ఆబ్జెక్ట్ ఎక్స్‌ప్లోరర్‌లో డేటాబేస్‌ను విప్పినా ఆ ఒక్క కనెక్షన్ అదే తీసేసుకుంటుంది. అప్పుడు వచ్చేది 5030.

2. ఆల్టర్ డేటాబేస్ కాపీ కొలేట్ కొత్త_కొలేషన్. 5075 వస్తే స్కీమాబైండింగ్ ఉన్న (టేబుళ్లతో కట్టేసిన) వ్యూ గానీ, ఫంక్షన్ గానీ, కంప్యూటెడ్ కాలమ్ గానీ, చెక్ కన్‌స్ట్రెయింట్ గానీ అడ్డుంది. ఎర్రర్‌లోనే పేరుంటుంది. దాని స్క్రిప్ట్ దాచుకుని, డ్రాప్ చేసి, మళ్లీ ప్రయత్నించండి. ఎన్ని ఉంటే అన్నిటి పేర్లూ వస్తాయి కాబట్టి మొత్తం సందేశం చదవండి.

3. అక్షరాల కాలమ్‌ల మీద ఉన్న ఫారిన్ కీలు, ప్రైమరీ కీలు, యునిక్ కన్‌స్ట్రెయింట్లు, ఇండెక్సులు, చెక్ కన్‌స్ట్రెయింట్లు, చేత్తో చేసిన స్టాటిస్టిక్స్, ఫుల్‌టెక్స్ట్ ఇండెక్సులు, అన్నిటి క్రియేట్ స్క్రిప్టులు తీసి, తెరిచి చూసి, అప్పుడు డ్రాప్ చేయండి. ఫారిన్ కీలు ముందు, ప్రైమరీ కీలు తర్వాత.

4. ప్రతి కాలమ్‌కీ: ఆల్టర్ టేబుల్ ఖాతాలు ఆల్టర్ కాలమ్ పేరు ఎన్‌వార్‌చార్(50) కొలేట్ కొత్త_కొలేషన్ నాట్ నల్;

ఈ లైన్లను సిస్.కాలమ్స్ నుంచి క్వెరీతో పుట్టిస్తారు, చేత్తో రాయరు. అక్కడే రెండు గోతులున్నాయి. మొదటిది మ్యాక్స్_లెంగ్త్. అది బైట్లలో ఉంటుంది. ఎన్‌వార్‌చార్(50) అయితే అక్కడ 100 కనిపిస్తుంది, సగం చేయకపోతే కాలమ్ 100 అక్షరాలకు పెరిగి కూర్చుంటుంది. మైనస్ 1 ఉంటే మ్యాక్స్ అని రాయాలి. రెండోది నల్. చివర నాట్ నల్ రాయడం మరిస్తే కాలమ్ నల్‌ను ఒప్పుకునేదిగా మారిపోతుంది, ఒక్క హెచ్చరిక కూడా రాదు. ప్రైమరీ కీ మళ్లీ పెట్టేటప్పుడు గానీ బయటపడదు, కీ లేని కాలమ్ అయితే అప్పుడూ బయటపడదు. ఈజ్_నలబుల్ విలువ చూసి స్క్రిప్ట్ రాయండి.

పాత టెక్స్ట్, ఎన్‌టెక్స్ట్ కాలమ్‌లకు ఈ కమాండ్ పనిచేయదు, ముందు వార్‌చార్(మ్యాక్స్), ఎన్‌వార్‌చార్(మ్యాక్స్)కి మార్చాలి. సొంతంగా పేరు పెట్టుకున్న అలియాస్ టైపులకు కొలేట్ ఒప్పుకోదు, వాటిని మూల టైపుకి మార్చాలి.

5. డ్రాప్ చేసినవన్నీ తిరిగి కట్టండి. సీఎస్ నుంచి సీఐకి వస్తుంటే యునిక్ ఇండెక్స్ దగ్గర 1505 రావచ్చు. నిన్నటిదాకా వేర్వేరుగా ఉన్న రెండు కోడ్‌లు ఇప్పుడు ఒకటే. మార్చకముందే చూసుకోండి: సెలెక్ట్ కోడ్ కొలేట్ కొత్త_కొలేషన్, కౌంట్(*) ఫ్రమ్ ఖాతాలు గ్రూప్ బై కోడ్ కొలేట్ కొత్త_కొలేషన్ హ్యావింగ్ కౌంట్(*) > 1. వచ్చిన వరసల్లో ఏది ఉంచాలో డేటా సొంతదారు చెప్పాలి, మీరు కాదు.

6. ప్రతి వ్యూకీ ఎస్‌పీ_రిఫ్రెష్‌వ్యూ నడపండి. లేకపోతే వ్యూ కాలమ్‌లకు మార్పుకు ముందున్న కొలేషనే గుర్తుండిపోతుంది. చివరగా సెట్ మల్టీ_యూజర్.

టేబుళ్లు వందల్లో ఉంటే ఇంకో పద్ధతి శుభ్రంగా ఉంటుంది. కొత్త కొలేషన్‌తో ఖాళీ డేటాబేస్ కట్టండి. పాతదాని నుంచి జనరేట్ స్క్రిప్ట్స్‌తో స్కీమా తీయండి, అందులో స్క్రిప్ట్ కొలేషన్ ఆప్షన్ ఫాల్స్ ఉండాలి. టేబుళ్లు మాత్రం కట్టి, బీసీపీతో (డేటాను ఫైళ్లలోకీ, ఫైళ్ల నుంచీ మూకుమ్మడిగా తరలించే ఎస్‌క్యూఎల్ సర్వర్ టూల్) డేటా ఎత్తిపోసి, ఆ తర్వాత ఇండెక్సులూ ఫారిన్ కీలూ పెట్టండి. బీసీపీలో పెద్ద ఎన్ స్విచ్ వాడితే అక్షరాలు యూనికోడ్‌గా వెళ్తాయి.

ఎక్కువగా జరిగే తప్పులు

వార్‌చార్ కాలమ్‌ను వేరే కోడ్ పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) ఉన్న కొలేషన్‌కు మార్చడం అన్నిటికన్నా ప్రమాదకరం. సిరిలిక్ అక్షరాలున్న 1251 కాలమ్‌ను 1252 వాడే లాటిన్1కు మారిస్తే అక్షరాల చోట ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఆ అక్షరాలు ఇక తిరిగి రావు. తెలుగుకైతే పాతకాలపు కోడ్ పేజీయే లేదు, వార్‌చార్‌లో పెడితే మొదటిరోజే ప్రశ్నార్థకాలు. దానికి ఎన్‌వార్‌చార్ కావాలి, నేరుగా రాసిన విలువ ముందు పెద్ద ఎన్ ఉండాలి. లేదంటే 2019 వెర్షన్ నుంచి ఉన్న, పేరు చివర _యూటీఎఫ్8 ఉండే కొలేషన్లు. పాత కొలేషన్, విండోస్ కొలేషన్ రెండూ 1252వే కాబట్టి వాటి మధ్య మార్పులో ఈ భయం లేదు.

కానీ వరస మారుతుంది. వార్‌చార్ కాలమ్‌లో పాత కొలేషన్ ప్రకారం a-c ముందు, ab తర్వాత. విండోస్ కొలేషన్‌లో హైఫన్‌కు విలువ తక్కువ, ab ముందు వస్తుంది. కోడ్‌ల మధ్య హైఫన్లుండి, ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా అని రిపోర్టు తీసే సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఎర్రర్ లేకుండా వరసలు తగ్గుతాయి, లేదా పెరుగుతాయి.

ఇంకో విషయం. సాఫ్ట్‌వేర్ పారామీటర్లను ఎన్‌వార్‌చార్‌గా పంపి, కాలమ్ వార్‌చార్ అయితే, పాత కొలేషన్‌లో ఇండెక్స్ సీక్ (ఇండెక్స్‌లో నేరుగా వెతకడం) పోయి స్కాన్ (మొత్తం చదవడం) అవుతుంది. విండోస్ కొలేషన్‌లో సీక్ దక్కుతుంది. కొలేషన్ మార్చాక వేగం మారితే ముందు ఇక్కడ చూడండి.

లింక్డ్ సర్వర్‌లో కొలేషన్ కంపాటిబుల్ ఆప్షన్‌ను ట్రూ చేస్తే ఎర్రర్ పోతుందని చేసేస్తుంటారు. అది అవతలి సర్వర్‌దీ ఇదే కొలేషన్ అని మీరిచ్చే హామీ. హామీ అబద్ధమైతే ఫలితాలు తప్పొస్తాయి.

సరైందో లేదో ఎలా చూడాలి

- 3వ మెట్టు క్వెరీ మళ్లీ నడపండి. 8వ మెట్టు చేసినవాళ్లకు ఒకే వరస రావాలి.
- 4వ మెట్టులోని #పరీక్ష మళ్లీ నడపండి. 6వ మెట్టు దారిలో వెళ్లినవాళ్లకు ఇది ఎప్పటికీ ఎర్రరే ఇస్తుంది, వాళ్లు తమ ప్రొసీజర్లే నడిపి చూడాలి.
- ప్రతి టేబుల్‌లో వరసల సంఖ్యను మార్పుకు ముందూ తర్వాతా పోల్చండి. పేర్ల కాలమ్‌లలో ప్రశ్నార్థకం ఉన్న వరసలు లెక్కపెట్టండి: వేర్ పేరు లైక్ '%?%'. సంఖ్య పెరిగితే ఆపేసి బ్యాకప్‌కు వెళ్లండి.
- సిస్.ఫారిన్_కీస్‌లో ఈజ్_నాట్_ట్రస్టెడ్ 1 ఉన్నవి కొత్తగా వచ్చాయేమో చూడండి. ఉంటే ఆల్టర్ టేబుల్ ఫలానా విత్ చెక్ చెక్ కన్‌స్ట్రెయింట్ ఆల్ నడపండి. చెక్ రెండుసార్లు ఉండటం అచ్చుతప్పు కాదు.
- ఎక్స్‌టెండెడ్ ఈవెంట్స్‌లో ఎర్రర్_రిపోర్టెడ్ ఈవెంట్ పెట్టి, 451, 457, 468 నంబర్లకు ఫిల్టర్ చేసి, ఎస్‌క్యూఎల్_టెక్స్ట్ కూడా పట్టేలా వదిలేయండి. నెలాఖరు రిపోర్టులు నడిచేదాకా తీయొద్దు. ఎర్రర్‌ను మింగేసి ఖాళీ పేజీ చూపించే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి.

మైఎస్‌క్యూఎల్ వాళ్లకు

8.0 డంప్‌ను 5.7లోకి ఎక్కిస్తే 1273 వస్తుంది, యూటీఎఫ్8ఎంబీ4_0900_ఏఐ_సీఐ తెలియదంటుంది. అది 8.0 డిఫాల్ట్, 5.7లో లేదు. 8.0లోకే ఎక్కించడం మేలు. కుదరకపోతే డంప్ ఫైలు కాపీలో ఆ పేరును యూటీఎఫ్8ఎంబీ4_యూనికోడ్_520_సీఐగా మార్చండి.

ఎక్కాక జాయిన్‌లో 1267, ఇల్లీగల్ మిక్స్ ఆఫ్ కొలేషన్స్ వస్తే, ఇక్కడా ఆల్టర్ డేటాబేస్ డిఫాల్ట్‌నే మారుస్తుంది. ఉన్న కాలమ్‌లకు ఆల్టర్ టేబుల్ ఫలానా కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్8ఎంబీ4 కొలేట్ ఫలానా కావాలి. మూడు బైట్ల యూటీఎఫ్8 నుంచి వస్తుంటే టెక్స్ట్ కాలమ్‌లు మీడియమ్‌టెక్స్ట్‌గా మారవచ్చు, తర్వాత చూసుకోండి. పాత వెర్షన్లలో ఇండెక్స్ హద్దు 767 బైట్లు. అక్షరానికి 4 బైట్ల లెక్కన 255 అక్షరాల కాలమ్ 1020 అయి 1071 ఎర్రర్ ఇస్తుంది, 191 అక్షరాలకే పడుతుంది. స్టోర్డ్ ప్రొసీజర్లు పుట్టినప్పటి డేటాబేస్ కొలేషన్‌నే పట్టుకుని ఉంటాయి. టేబుళ్లన్నీ మార్చినా 1267 పోకపోతే ప్రొసీజర్‌ను డ్రాప్ చేసి మళ్లీ క్రియేట్ చేయండి.